జోవితా తప్పుకు వచ్చిన గిరాకీ

జోవితా తొలోత్తికి కోపం వచ్చిందంటే మెల్లా నది అవతలి ఒడ్డున బట్టలు ఆరేసుకునేవాళ్లకు కూడా తెలిసిపోతుందని ఇటలీలోని గార్దోనె ఊళ్లో అందరూ అంటారు. ఆయన గొంతు అసలే పెద్దది. దానికి తోడు పని కొలిమి హోరులో కాబట్టి మామూలు మాట కూడా అరుపులాగే వస్తుంది. అరిచి, ఒక చిన్న కాఫీ తాగి, మళ్లీ నవ్వేసే మనిషి. పోయిన ఏడాది వచ్చిన కోపం మాత్రం కాఫీతో పోలేదు. వచ్చి కూర్చుంది, ఇప్పటికీ లేవలేదు.

తుపాకీ చట్రాలకు పదును పెట్టి, అంటే ఉక్కును గట్టిపరిచి, రంగు తెప్పించడం ఆయన పని. రివాల్వర్‌లో గొట్టానికీ పిడికీ మధ్య ఉండి, తిరిగే తూటాల చక్రాన్ని పట్టుకుని ఉండేదే చట్రం. పాతకాలపు అమెరికా రివాల్వర్ల చట్రం మీద నీలం, ఊదా, గోధుమ, ఎండుగడ్డి రంగులు కలగలిసి మబ్బుల్లా కనిపిస్తాయి. తాబేటిచిప్ప రంగు అంటారు ఇక్కడ. దాన్ని ఎవరూ పూయరు. ఎముకల బొగ్గు, తోలు బొగ్గు కలిపి ఇనుప మూసలో పోసి, మధ్యలో చట్రాలను పాతిపెట్టి, మూత బిగించి కొలిమిలో పూటంతా కాలుస్తారు. మెత్తటి ఉక్కు పైపొర ఆ బొగ్గు సారాన్ని తాగుతుంది. తర్వాత మూసను పట్టకారుతో ఎత్తి, నీళ్ల తొట్టికి దాదాపు ఆనించి, ఒక్క విసురున బోర్లిస్తారు. అప్పుడు ఉక్కు గట్టిపడుతుంది, రంగూ పడుతుంది. తొట్టి అడుగు నుంచి గాలి బుడగలు ఎగదన్నుతూ ఉంటాయి. ఆ బుడగ ఏ చట్రం మీద ఏ మబ్బు గీస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒకదానిలా ఇంకొకటి ఉండదు. పొరపాటున ఉంటే జోవితా ఆ రెండింటినీ పక్కన పెట్టుకుని అనుమానంగా చూస్తాడు.

ఈ పని ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తండ్రి బాతిస్తా ఇదే తొట్టి దగ్గర బతుకంతా గడిపాడు గానీ నోరు విప్పే మనిషి కాదు. ఎప్పుడు మూత తియ్యాలి నాన్నా అని అడిగితే, "కళ్లు లేవా నీకు?" అనేవాడు. దాంతో జోవితా కళ్లతోనే నేర్చుకున్నాడు, వేళ్లు కాల్చుకుని కొంత నేర్చుకున్నాడు. ఎముకలు కసాయి దగ్గర తనే ఏరుకుంటాడు. దూడ ఎముక మీద గురి, పంది ఎముక ముట్టుకోడు. కడిగి, ఎండబెట్టి, నది పక్కన రేకుల షెడ్డులో మసి చేసుకుంటాడు. ఆ కంపుకు ఇంట్లో కాల్చనివ్వదు ఆయన భార్య, ఇదా ఆమె పేరు. "మా పెళ్లిలో ఫాదర్ ముక్కు మూసుకుని ప్రార్థన చదివాడు. మాకు పెళ్లయిందో లేదో నాకిప్పటికీ డౌటే" అంటుంది.

సినిమాల మీద ఆయనకు కోపమేమీ లేదు. కౌబాయ్ సినిమాలు ఊరూరా ఆడిన రోజుల్లోనే ఈ లోయలో పాత అమెరికా తుపాకుల నకళ్లకు గిరాకీ పెరిగింది. అటు ఎడారిలో ఎవడో టోపీవాడు గుర్రం దిగి రివాల్వర్ తీస్తే, ఇటు బాతిస్తా ఇంట్లో ఆదివారం ఇనుప చువ్వల మీద మాంసం కాలేది. ఆ సంగతి జోవితా ఎన్నడూ మరిచిపోలేదు. ఇప్పుడు సినిమాలకు వీడియో ఆటలు తోడయ్యాయి. సముద్రపు దొంగల కథ వస్తే చెకుముకి పిస్తోళ్లు అడుగుతారు. మొదటి ప్రపంచయుద్ధం ఆట వస్తే కందకాల్లో వాడిన తుపాకులు అడుగుతారు. జోవితా పనిచేసే తుపాకుల కార్ఖానాలో ఆఖరి తనిఖీ చేసే నివేస్ గిత్తి దీన్నంతా ముందే పసిగట్టేది. ఫోన్లో కొత్త సినిమా ముక్క కనిపిస్తే చాలు, భోజనాల బల్ల దగ్గర అందరికీ చూపించి, "రెడీగా ఉండండి నాయనలారా, ఈసారి రెండు గొట్టాలది. హీరోకి గడ్డం కూడా ఉంది, ఇంకా ఎక్కువ అమ్ముడవుద్ది" అనేది. అన్నట్టే అయ్యేది.

నివేస్ నోరు పదును, చెయ్యి ఇంకా పదును. ఆమె ముద్ర వేయని చట్రం కార్ఖానా గడప దాటదు. జోవితా మూసలోంచి వచ్చిన ప్రతి చట్రం మీదా, లోపలి వైపు, కనిపించని చోట, సన్న ఆకురాయి ఒకసారి లాగి చూస్తుంది. గట్టి ఉక్కు మీద ఆకురాయి గాజు మీద జారినట్టు జారుతుంది. మెత్తగా ఉంటే కరుస్తుంది. కరిచిందా, ఎర్ర రంగు చుక్క. చుక్క పడితే తుక్కు. ఎవరి పనికి చుక్క పడిందో వాళ్లు ఆ శుక్రవారం పని దిగాక అందరికీ తెల్లవైను తాగించాలి. తాతల కాలం నుంచి ఉన్న పద్ధతి అది.

కొన్నేళ్ల కిందట ఒక తడి వసంతంలో జోవితా కూడా అలా తాగించాడు. షెడ్డు కప్పు కారి బొగ్గు సంచి చెమ్మగిల్లింది. చెమ్మగిల్లిన ఎముక బొగ్గు ఉండ కడుతుంది. దాన్ని ఆరబెట్టాలి, ఆరాక జల్లెడ పట్టాలి. ఆయన ఆరబెట్టాడు, జల్లెడ పట్టలేదు. ఒక ఉండ చట్రానికి అంటుకుని, దానితోపాటే తొట్టిలోకి దిగింది. సరిగ్గా తూటాను కొట్టే సుత్తి కీలు కూర్చునే చోట. ఆ ఉండ కింద ఉక్కుకు నీళ్లు అందలేదు. తుడిచి చూస్తే అక్కడ పొడవాటి నీలిచార, పాము నాలుకలా చివర చీలి, అంచులు బంగారు రంగులో. నివేస్ కూడా ఒక క్షణం ఆగి చూసింది. ఆ తర్వాత కీలు రంధ్రం లోపల ఆకురాయి లాగింది. కర్రని కరిచినట్టు కరిచింది.

"పెళ్లికూతురిలా ముస్తాబయింది గానీ ఎముక లేదయ్యా దీనికి" అంది.

"ముస్తాబూ లేదు, గాడిద గుడ్డూ లేదు. చుక్క పెట్టు" అన్నాడు జోవితా. ఆమె పెట్టేలోపే కుంచె లాక్కుని తనే పెట్టాడు. అందరూ వైను తాగారు, ఏడిపించారు, మరిచిపోయారు.

చుక్క పడ్డవి పడేసే తుక్కు అల్మరా మాత్రం మరిచిపోలేదు. ఆ ఎండాకాలంలో విదేశాల నుంచి ఒక వీడియో ఆటల కంపెనీవాళ్లు, ఫోటోలు తీసుకోవడానికి ఒక రివాల్వర్ కావాలని అడిగారు. అన్ని వైపుల నుంచీ తీసి కంప్యూటర్లో బొమ్మ చేసుకుంటారట. మంచివన్నీ అమ్ముడైపోయి ఉన్నాయి. కాల్చేది లేదు కదా అని ఆఫీసులో ఎవరో ఎర్రచుక్క తుడిచి, ఆ చట్రానికే గొట్టం, చక్రం, పిడి బిగించి పంపేశారు. ఎవరికీ అది తప్పనిపించలేదు. జోవితాకు చెప్పాలనీ అనిపించలేదు.

పోయిన ఏడాది ఆ ఆట బయటికొచ్చింది. అందులో హీరో ఒక బందిపోటు. బ్యాంకులు కొడతాడు, పేదలకు పంచుతాడు, వానలో ఏడుస్తాడు. అతని చేతిలో రివాల్వర్ తెరనిండా కనిపిస్తుంది. ప్రపంచమంతా ఆ రివాల్వరే కావాలంది. కార్ఖానాను నడిపే రుజ్జేరో పరుగున కొలిమి దగ్గరికి దిగి వచ్చాడు. ఈ కార్ఖానా పెట్టినవాడి మనవడు అతను. చిన్నప్పుడు బడి వదలగానే ఇక్కడే, జోవితా తొట్టి పక్కనే బుడగలు చూస్తూ కూర్చునేవాడు.

"మేస్త్రీ, చూడండి, చూడండి! మన రివాల్వర్!" అని ఫోన్ ముఖానికి పెట్టాడు.

జోవితా కళ్లద్దాలు పైకి తోసి చూశాడు. బందిపోటు రివాల్వర్ తిప్పుతున్నాడు. సుత్తి కింద నీలిచార, చివర చీలింది, అంచు బంగారం.

"ఇది నాది" అన్నాడు.

"మీదే కదా మరి!"

"నాది కాబట్టే చెబుతున్నా. ఇది తుక్కురా!"

రుజ్జేరో నవ్వాడు. ఆ నవ్వు జోవితాకు అసలు నచ్చలేదు.

ఆ తర్వాత నెలల్లో అమ్మిన రివాల్వర్ల పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. జోవితా చేసిన వాటిలో అంతకన్నా మంచి చట్రాలు లేవు. బొగ్గు పొడిపొడిలాడుతోంది, నీళ్లు చల్లగా ఉన్నాయి, చెయ్యి కుదిరింది. మబ్బులు ఎంత లోతుగా వచ్చాయంటే నివేస్ ఒకటి కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుగులో తిప్పి తిప్పి చూసింది. అవన్నీ తిరిగొచ్చాయి. అందరిదీ ఒకటే ఫిర్యాదు. నీలిచార లేదు, ఇది నకిలీ.

"నకిలీయా?" అని జోవితా అరిచిన అరుపుకు పక్క గదిలో గొట్టాలు తొలిచే వాళ్లు మిషన్లు ఆపారు. "నేను నిప్పులో కాల్చింది నకిలీ, వాళ్లు కంప్యూటర్లో కాపీ కొట్టింది అసలా?"

"అసలు కాదయ్యా. అసలు తుక్కు" అంది నివేస్.

ఒక శుక్రవారం సాయంత్రం బార్‌లో జోవితా పేకాడుతుంటే ఒక గడ్డం మనిషి దగ్గరికొచ్చాడు. తోలు టోపీ, పొడవాటి కోటు, నడుముకు ఖాళీ తోలు ఒర. మిలాన్ నుంచి వచ్చాడట, బ్యాంకులో పనిట.

"మీరేనా నీలిచార మేస్త్రీ? కార్ఖానా గేటు దగ్గర చెప్పారు. దీని మీద ఒక్క సంతకం పెట్టండి, మీ కాళ్లు మొక్కుతా" అని ఆట డబ్బా బల్ల మీద పెట్టాడు.

జోవితా పేకలు బోర్లించాడు. "నీది ఏ బ్యాంకు?"

అతను చెప్పాడు.

"నువ్వెప్పుడైనా లెక్క తప్పు వేశావా?"

"వేశాను... ఒకసారి."

"ఆ తప్పు కాగితం నాకు ఫ్రేము కట్టించి ఇస్తావా? గోడకు తగిలించుకుంటా. మా చుట్టాలందరికీ చూపిస్తా. ఇదిగో మిలాన్ బ్యాంకు మేస్త్రీ, ఎంత బాగా తప్పు చేశాడో అని."

అతను మర్యాదస్తుడు. డబ్బా తీసుకుని, క్షమించండి అని వెళ్లిపోయాడు. పేకాట బల్ల దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. జోవితా మాత్రం పేకలు మళ్లీ ఎత్తలేదు. తప్పు ఆ టోపీవాడిది కాదు. అతను ప్రేమతోనే వచ్చాడు. నలభై ఏళ్ల పనిలో వాళ్లకు నచ్చినది ఆ ఒక్కటే అయింది. ఆ మంట ఎవరి మీద పొయ్యాలో ఆయనకు తెలియలేదు.

సోమవారం తెలిసింది. రుజ్జేరో మళ్లీ కిందికి వచ్చాడు. ఈసారి మెల్లగా నడిచి వచ్చాడు.

"మేస్త్రీ, ఆ చార తెప్పించాలి. అన్నిటి మీదా, అదే చోట."

"అది ఎలా వచ్చిందో నీకు తెలుసా?"

"తెలుసు. ఉండ కట్టిన బొగ్గు."

"దాని కింద ఉక్కు ఎలా ఉంటుందో తెలుసా?"

"ఆకురాయి కరుస్తుంది. తెలుసు. నేనూ ఇక్కడే పెరిగాను." రుజ్జేరో తొట్టి అంచు మీద చెయ్యి పెట్టాడు. "ఎవరు కాలుస్తారు మేస్త్రీ వాటిని? గోడకు తగిలించుకుంటారు. ఆట ఆడుతూ పక్కన పెట్టుకుంటారు."

"తగిలించుకునేవాడు ఒకడు, దించి తూటా పెట్టేవాడు ఇంకొకడు. కీలు మెత్తగా ఉంటే రంధ్రం సాగుతుంది. సుత్తి వెనక్కి లాగి వదిలితే నిలబడదు, దానంతటదే పడుతుంది. ఎవడి కాలు పోతుందో, ఎవడి పొట్ట పోతుందో. అప్పుడు మీ ఆటలోలాగా మళ్లీ మొదటి నుంచి మొదలెడతాడా వాడు?"

"మీరు చెయ్యకపోతే వేరే దారి ఉంది" అన్నాడు రుజ్జేరో, ఆయన ముఖం చూడకుండా. "బయట ఒక చోట రసాయనపు మందుతో వేస్తారు. అచ్చు పెట్టి, పూసి, కడిగేస్తే చార. కొలిమి అక్కర్లేదు, బొగ్గు అక్కర్లేదు. మెత్తటి చట్రం మీదే వేసేస్తారు. అప్పుడు ఈ గది..." అని ఆపేశాడు.

కొలిమి చల్లారితే ఈ కార్ఖానా నుంచి వెళ్లే ప్రతి రివాల్వర్‌కూ ఎముక ఉండదు. జోవితాకు వినపడింది అదొక్కటే. తన జీతం సంగతి ఆ తర్వాత ఎప్పుడో, ఇంట్లో సూప్ ముందు కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు ఆయన కోపంతో ఒక పని చేశాడు. జల్లెడ గోడకు విసిరికొట్టి, సంచి మీద చెంబుడు నీళ్లు చల్లి, ఉండలు ఉండలుగా ఉన్న బొగ్గునే మూసలో కూరాడు. కాల్చాడు, బోర్లించాడు. చట్రాలు తడి కారుతుండగానే తీసుకెళ్లి రుజ్జేరో ఆఫీసు బల్ల మీద దొర్లించాడు. ఒకదాని మీద చార ట్రిగ్గర్ దగ్గర వచ్చింది. ఒకదాని మీద ఎవరో ఉమ్మినట్టు మచ్చ. ఒకటి వంకర తిరిగింది. ఇంకొకటి మామూలుగా, చాలా అందంగా, ఏ తప్పూ లేకుండా వచ్చింది.

"తీసుకో! కావాలని తప్పు చేశాను. అది కూడా నా మాట వినలేదు."

రుజ్జేరో బల్ల మీది నీళ్లు చేత్తో తుడిచాడు. "అయితే మందే" అన్నాడు.

తలుపు దగ్గర నివేస్ నిలబడి ఉంది, ఆయన అరుపు విని పైకి వచ్చింది. "ఒక్క మాట రుజ్జేరో. మందు పూసినా, నీలం పూసినా, చాక్లెట్ పూసినా, ఆకురాయి కరిచిన చట్రం మీద నా ముద్ర పడదు. నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టుకో. కానీ వాళ్లకు కూడా చేతిలో ఆకురాయి ఉంటుంది, చెబుతున్నా."

కింద గొట్టాలు తొలిచే మిషన్ హోరు నేలలోంచి వినిపిస్తోంది.

జోవితాయే నోరు తెరిచాడు. ఆ మాట తన నోటి నుంచి వస్తుందని ఆయన కూడా అనుకోలేదు. "అన్నీ నా మూసలోంచే వెళ్తాయి. పదును నేను పెడతా. గట్టిపడ్డాక పైన రంగు ఉంటుంది కదా, అది తీసేస్తే ఉక్కు తెల్లగా మిగులుతుంది. గట్టితనం ఎక్కడికీ పోదు. ఆ తెల్లదాని మీద మీ అచ్చు పెట్టుకుని ఏ దయ్యపు నాలుకైనా గీసుకోండి."

"మీ రంగు తీసేయాలా?" అన్నాడు రుజ్జేరో. "అన్నిటి మీదా?"

"మరి దాని మీద అంటదు కదా నీ మందు."

"మీకు బాధ..."

"నా బాధ సంగతి నీకెందుకు? నువ్వు అడిగింది చార. ఇస్తున్నా. కానీ ఒక షరతు. తుడిచేది నేనే. తుడిచే ముందు ప్రతి ఒక్కటీ నువ్వు వచ్చి చూడాలి. చూశాకే తుడుస్తా."

"అన్నీనా? మేస్త్రీ, నాకు వేరే పనులు..."

"నాకు లేవా పనులు?"

రుజ్జేరో ఒప్పుకున్నాడు. అంత మాటకు ఒప్పుకోకుండా ఎలా ఉంటాడు.

మొదటి మూస దిగిన రోజు అతను టైముకే వచ్చాడు. జోవితా చట్రాలను నూనె గుడ్డ మీద వరసగా పేర్చాడు. నీలం లోంచి ఊదా, ఊదాలోంచి పొగరంగు, ఒకచోట పండిన పీచుపండులాంటి మెరుపు. రుజ్జేరో వంగి చూశాడు. అతను ఒకటి చూసినప్పుడల్లా జోవితా ఆ చట్రం తీసుకుని, ఆమ్లపు ద్రావణంలో ముంచిన గుడ్డతో రుద్దేవాడు. మబ్బు కరిగి గుడ్డకు బూడిద రంగు అంటేది. మిగిలిన ఉక్కు పొలుసు తీసిన చేప కడుపులా తెల్లగా, అనామకంగా ఉండేది. నివేస్ ఆకురాయి లాగేది. జారేది. ముద్ర వేసేది.

"ఈ తుడుపు పని నీది కాదు కదయ్యా. ఆడపిల్లలెవరైనా చేస్తారు" అంది ఆమె ఒకరోజు.

"ఎవరో ఎందుకు తుడవాలి? వేసిందెవరు?"

కొన్ని వారాలు రుజ్జేరో వచ్చాడు. ఆ తర్వాత ఫోన్లో మాట్లాడుతూ వచ్చి, ఒక కన్ను ఇటు వేసి, చెయ్యి ఊపి వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. "చూసినట్టే అనుకోండి మేస్త్రీ" అని కబురు పంపాడు.

జోవితా గుడ్డ కింద పెట్టేశాడు. మూసలు దించాడు, చట్రాలు కడిగి, నూనె రాసి బల్ల మీద పేర్చాడు, అంతే. మర్నాడూ అంతే. బల్ల నిండింది. కిటికీ గట్టు నిండింది. భోజనాల బల్ల మీద కూడా పెట్టడంతో అందరూ రొట్టె, సలామీ ఒళ్లో పెట్టుకుని తిన్నారు. ఎవరూ సణగలేదు. గొట్టాలు తొలిచేవాళ్లు పని మధ్యలో వచ్చి చూసి వెళ్లేవాళ్లు. ఒకడు, "ఇదిగో ఇది మా ఊరి కొండ మీద వాన పడే ముందులా ఉంది" అన్నాడు. ఇంకొకడు, "ఎక్కడ, అది నీ మామగారి మోకాలు దెబ్బలా ఉంది" అన్నాడు. పైనుంచి ఫోన్లు వచ్చాయి. మందు పూసే వాళ్లు చట్రాలేవని అడుగుతున్నారని, లారీ వచ్చి ఖాళీగా వెళ్లిందని. జోవితా ఫోన్ ఎత్తలేదు. నివేస్ ఎత్తి, "మేస్త్రీ పనిలో ఉన్నాడు" అని పెట్టేసింది.

చివరికి రుజ్జేరో దిగి వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది, చేతిలో ఫోన్ మోగుతోంది. గది నిండా, కాలు పెట్టడానికి చోటు లేకుండా, చట్రాలు. కిటికీ వెలుగు వాటన్నిటి మీదా పడుతోంది.

"ఇదేం పని మేస్త్రీ? చూశానని ఎక్కడ సంతకం పెట్టమంటారు? కార్ఖానా మూయించేస్తారా?"

"చూడు" అన్నాడు జోవితా.

"చూశాను, ఇదిగో చూస్తున్నాను."

"ఫోన్ ఆపు. చూడు."

రుజ్జేరో ఫోన్ ఆపాడు. బల్ల చివరి నుంచి మొదలుపెట్టాడు. మొదట్లో గబగబా చూశాడు. తర్వాత అతని అడుగు నెమ్మదించింది. ఒకటి చేతిలోకి తీసుకుని వెలుగుకు తిప్పాడు. చిన్నప్పుడు బుడగలు చూసినట్టు చూశాడని నివేస్ తర్వాత అంది గానీ, జోవితా ఆ మాట ఒప్పుకోలేదు.

"ఇది చాలా బాగుంది మేస్త్రీ" అన్నాడు రుజ్జేరో.

"బాగుందా అని నేను అడగలేదు. చూడమన్నాను."

జోవితా అతని చేతిలోంచి చట్రం లాక్కుని, గుడ్డ తడిపి, బొటనవేలు తెల్లబడేలా నొక్కి రుద్దాడు. ఉక్కు తెల్లగా బయటపడగానే నివేస్ వైపు తోశాడు.

"తర్వాతది" అన్నాడు.